మొహం మరిచినా కుట్టు మరవని మనిషి

"మీ జాకెట్టు ఇంకా కాలేదమ్మా, రేపు రండి" అన్నాడు ఆసుపత్రి మంచం మీది దర్జీ. అన్నది ఏ ఖాతాదారుతోనో కాదు, పాతికేళ్లుగా కాపురం చేస్తున్న భార్యతో! ఆ వెంటనే మరదలి వైపు తిరిగి, "పిచ్చిమొహమా, ఆవిడకి కుర్చీ వెయ్యి" అన్నాడు.

భార్య ఒళ్లు భగ్గుమంది. ఆ తిట్టు తనది... నలుగురిలో ఎన్నడూ అనక, గది తలుపు మూశాకే ఆయన అనే ముద్దు తిట్టు. అది చెల్లెలికి ఎలా దక్కింది? ఆయన కడుపులో క్యాన్సర్ అన్ననాడు కూడా ఆమె ఇంతగా కుమిలిపోలేదు.

అసలు మంట అంతకుముందే రాజుకుంది. సాయానికని వచ్చిన చెల్లెలు మొదటిరోజే ఆయనచేత రెండు చెంచాల సూపు తాగించింది. తను పెడితే మూతి తిప్పుకునే మనిషి! ఆనాటి నుంచి భార్య సూపు గిన్నె ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆయన తాగనిదంతా సింకులో పారబోసి, గిన్నె కడిగి బోర్లించి, "శుభ్రంగా తాగారు" అనేది.

డాక్టరమ్మ వచ్చి ఆయన్ని పరీక్షించింది. "తిండి ఎలా ఉంది?"

"బాగానే తింటున్నారండి. నేనే పెడుతున్నాను."

"అయితే జబ్బు మెదడుకి పాకిందేమో. స్కాన్ తీద్దాం" అని ఆవిడ బయటికి నడిచింది.

చెల్లెలు అక్కను పక్కకు లాగింది. "అక్కా, బావ తినడం లేదని చెప్పు. పారబోయడం నేను చూశాను."

"నీకెందుకే అంత ఆరాటం? పెళ్లాం హోదా దక్కిందని సంబరంగా ఉందా?"

చెల్లెలి కళ్లు నిండాయి. "బావ నా మొహం చూడట్లేదక్కా. ఈ కోటు చూస్తున్నాడు. చలిగా ఉందంటే నువ్వే ఇచ్చావుగా... ఆయన నీకోసం కుట్టింది. మొహం మరిచిపోయాడు గానీ, తన కుట్టు మరవలేదు."

 మరుక్షణం అక్క డాక్టరమ్మ వెనకాల పరుగెత్తింది. "అబద్ధం చెప్పానండి... వారాల తరబడి ఆయన సరిగా తినలేదు. నా చేత్తో పెడితే ముట్టలేదని చెప్పుకోలేకపోయాను."

"ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా. తిండి లేక బి1 విటమిన్ అడుగంటినా మనిషి ఇలాగే తికమకపడతాడు. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఇప్పుడే ఆ విటమిన్ సెలైన్‌లో ఎక్కిద్దాం. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాకపోవచ్చు."

కొన్నాళ్లకు ఆయన చూపు నిలబడింది. క్యాన్సర్ ఎక్కడికీ పోలేదు, దానితో పోరు ఇంకా ఉంది. కానీ ఆ ఉదయం ఆయన భార్యనే చూశాడు, భార్యగానే చూశాడు.

"పిచ్చిమొహమా... ఎవరో ఒకావిడ నా పక్కన కూర్చుని ఒకటే ఏడ్చేది. ఆవిడ జాకెట్టు ఇచ్చేశావా?"

ఆమె సూపు గిన్నె తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. తర్వాత ఆయన పక్కన కూర్చుంది.

"ఇచ్చి పంపేశానండి. ఆవిడ ఇక రాదు."