మందమతికి గుర్తున్నది

బట్టల్ని సీసాలోంచి ఒంటిమీద పిచికారీ చేసుకునే కాలం. ఉన్ని అంటే, అది ఇంకా ఉన్నదా అని అడిగేంతగా జనం మరిచిపోయారు. అయినా 2094లో, సిద్దిపేట పక్క గుట్టమీద, గాజు గర్భాల్లో పుట్టిన దక్కనీ నల్లగొర్రెలు దడి లోపల బొమ్మల్లా నిలబడ్డాయి. జాతి బతికింది గానీ మేత నేర్పే తల్లి ఒక్కటీ లేదు.

అందుకే డాక్టర్ శర్వాణి 'మందమతి'ని తయారుచేసింది. మందకు మతినిచ్చే యంత్రమని ఆమె అర్థం. పాలకమండలి మాత్రం నిఘంటువు అర్థంలోనే పిలిచేది. ఈ జాతిలో ఆఖరి ముసలిగొర్రె మెదడులోని జ్ఞాపకాలకు నకలు తీసి, చెవిపోగుల గుండా అన్నిటికీ పంచుతుంది. ఒకటి కొత్తగా నేర్చుకున్నది కూడా క్షణంలో మందంతటికీ తెలుస్తుంది.

ఆ రోజు పొద్దుగూకేలోగా మంద మనిషి చేతికొచ్చి ఉన్ని ఇవ్వాలి. లేకపోతే ప్రాజెక్టు మూత. శర్వాణి పొద్దున్నుంచీ గోళ్ళు కొరుకుతూ దడి చుట్టూ తిరుగుతూనే ఉంది.

దడి తీశారు. గొర్రెలు పిచ్చిమొక్కలు వదిలి గడ్డి ఏరుకుని మేశాయి. మండలి అధ్యక్షుడు దామోదరం కత్తెర పట్టుకుని అడుగేశాడో లేదో, మందంతా గుట్ట పైకి ఎక్కేసింది.

"ఏమైంది?" అంది శర్వాణి.

"గుర్తొచ్చింది," అంది యంత్రం. "ముసలిది చూసిన మనుషుల్లో ఎక్కువమంది కబేళా లారీతో వచ్చినవాళ్ళే."

ఆ భయాన్ని చెరిపెయ్యమన్నాడు దామోదరం. అది చెరిపితే తోడేలు భయం కూడా పోతుందని శర్వాణి ససేమిరా అంది.

మందను చూసుకునే ఐలవ్వ, తరతరాలుగా గొర్రెలు కాసిన కురుమల ఇంటి మనిషి. వాళ్ళ తాత గొంగడి తెచ్చి కప్పుకుంది. "జర ఆగుండ్రి సారూ. మా తాత దీంట్లనే మంద నడుమ పండుకునేటోడు."

ఆమె బండమీద కూర్చుంది. ఒక్కొక్క గొర్రే దిగొచ్చి గొంగడి వాసన చూసి ఆమెకు ఆనుకుంది. ఉన్ని వచ్చింది. శర్వాణికి ఊపిరీ వచ్చింది.

దామోదరం ఐలవ్వను పొగిడి పొగిడి, ఫొటో దిగుతానని గొంగడి అడిగి కప్పుకున్నాడు. బలిసిన గొర్రె ఒకటి అతని వెంటే నడిచి, గుట్టకింద ఆపి ఉంచిన లారీ ఎక్కింది. తలుపు పడింది. శర్వాణి పరుగెత్తేసరికి లారీ కదిలింది.

"జాతిని కాపాడాం కదమ్మా, విందు చేసుకోవద్దా? ఇంత అరుదైన మాంసం మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు కిందే నిలబడ్డ దామోదరం.

గుట్టమీద తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఐలవ్వ అతని మీంచి గొంగడి లాక్కుని కప్పుకుని పిలిచింది. పిలుస్తూనే ఉంది. మంద ఇంకా పైకి పోయింది.

శర్వాణి యంత్రం దగ్గరికి ఉరికింది. "ఈ ఒక్కటీ చెరిపెయ్యి."

"ఇందాక దామోదరం గారూ ఇదే అన్నారు," అంది మందమతి.