వెచ్చని అర

అరుణపురంలో పొద్దున్నే ఎదురుపడ్డవాళ్ళు టిఫినయిందా అని అడగరు. ఎంతొచ్చింది అని అడుగుతారు. అంగారకుడి మీద మనుషులు ఇళ్ళు కట్టుకుని నలభై ఏళ్ళయింది. గాలి, నీళ్ళు, చివరికి ఇడ్లీ పిండి కూడా అమరాయి. అమరనిది ఓర్పొక్కటే. పన్నెండేళ్ళ కిందట ఒక తండ్రి, పిల్లాడు అన్నం తినడం లేదన్న కోపంలో గాజు డోము గాలితలుపు తెరిచి, లోపలి గాలంతా బయటికి పోనిచ్చి పదహారుమందిని చంపేశాడు. ఆ మరుసటి ఏడే పేగుసాక్షి అనే పరీక్ష వచ్చింది.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ హైమావతి. మన పేగుల్లో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి వదిలే రసాయనాలు మెదడు మీద పనిచేసి మనిషిని నిదానస్తుణ్ణీ చేస్తాయి, కోపిష్టినీ చేస్తాయి. పప్పుబద్దంత మలం శాంపిల్ ఇస్తే చాలు, యంత్రం వాటి డీఎన్ఏ చదివి నూటికి ఇంత అని సహనాంకం చెబుతుంది. నలభై దాటితే మంచి తల్లి, మంచి తండ్రి. దాటకపోతే ఐదేళ్ళలోపు పిల్లల్ని ఊరి మండలి తీసుకుని, గనికి దూరంగా ఉన్న పై డోములో మంచి ఇంటికి ఇస్తుంది. ఎంత దయగల ఏర్పాటో చూడండి.

ఆ ఉదయం హైమావతి తన ఆరేళ్ళ మైత్రికి జడ వేసి ల్యాబుకొచ్చేసరికి బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు నూకరత్నం. ఇనుపగనిలో డ్రిల్లు నడుపుతుంది. అప్పీలు పెట్టుకుని, ఎనిమిది గంటలు రోవర్లో కుదుపులు తిని వచ్చింది. ఒళ్ళో మూడేళ్ళ కూతురు పైడి. అప్పీలు పోతే పైడి ఇక్కడే ఉండిపోవాలి.

"నాకు ఇరవై రెండొచ్చిందంట తల్లీ. ఈ గుంటని నానెప్పుడూ సెయ్యెత్తి కొట్టనేదు. ఇంకోపాలి సూడండి. ఇక్కడే, మీ కళ్ళ ముందే."

హైమావతి శాంపిల్ తీసుకుని, అది ఉన్న చిన్న గాజుగొట్టాన్ని చల్లని అరలో పెట్టింది. అసలు సంగతి ఆమెకు వారం కిందటే తెలిసింది. తన శాంపిల్‌నే రెండు సగాలు చేసి, ఒకటి వెంటనే చదివించింది. రెండోదాన్ని గని నుంచి శాంపిళ్ళు వచ్చే పెట్టెలో పెట్టి, రోవర్ ఇంజను పక్కన ఎనిమిది గంటలు ఉంచింది. మొదటిది తొంభై ఒకటి. రెండోది పంతొమ్మిది. వేడికి సుకుమారమైన జీవులు చచ్చిపోయాయి, మొరటువి పులిసిన పిండిలా పొంగాయి. పై డోము శాంపిళ్ళు గాలిగొట్టంలో నాలుగు నిమిషాల్లో ల్యాబుకొస్తాయి. గనివాళ్ళవి ఎనిమిది గంటలు ఉడుకుతాయి. పదకొండేళ్ళుగా యంత్రం గనివాళ్ళ కోపమని చెప్పిందంతా ఆ పెట్టె వేడే. పెట్టె వెచ్చగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. ఈ మహా శాస్త్రవేత్తా అడగలేదు.

కాగితాలు పట్టుకుని డైరెక్టర్ విఠల్రావు గదికి వెళ్ళింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"నువ్వు చెప్పింది సరైందే హైమా. ఆ గని మనిషి శాంపిల్ చల్లగా ఉండగానే చదివించు. అదీ బాగా వస్తే రెండో ఋజువవుతుంది. సాయంత్రమే ప్రకటిద్దాం, పెట్టెల్లో మంచు పెట్టిద్దాం."

"ఇప్పటిదాకా తెచ్చిన పిల్లల సంగతేంటి సర్?"

"నాలుగొందల పన్నెండుమంది. తిరిగి ఇచ్చెయ్యాల్సిందే. ఎవరి బిడ్డ వాళ్ళకి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మైత్రీ గని పిల్లే కదమ్మా. ఏడాది బిడ్డగా నీ ఒళ్ళో పెట్టింది నేనే. తల్లి ఇంకా అక్కడే ఉంది. నీకు కష్టమే. కానీ తప్పదు."

తప్పదని ఆమె కూడా అంది. అంటూనే లేచి వచ్చేసింది.

హైమావతి జన్మలో ఒక్క దొంగ అంకె వెయ్యలేదు. ఆ రోజూ వెయ్యలేదు. నూకరత్నం గొట్టాన్ని చల్లని అరలోంచి తీసి, పక్కనే ఉన్న నలభై డిగ్రీల వెచ్చని అరలో పెట్టి తలుపు మూసింది. అంతే. మిగతా పని సూక్ష్మజీవులే చూసుకుంటాయి.

మధ్యాహ్నం తల్లీకూతుళ్ళకి తనే ఇడ్లీలు తెప్పించింది. "ఇంతసేపేటమ్మా?" అని నూకరత్నం అడిగింది.

"తొందరపడితే తప్పొస్తుంది. జాగ్రత్తగా చూస్తున్నాం."

"అంతే సాలు తల్లీ." నూకరత్నం సంచీలోంచి చిన్న పొట్లం తీసింది. "మునగాకు పొడి. గనిలో దీపం కింద పెంచిన సెట్టుది. మీ పాపకి అన్నంలో కలిపెట్టండి."

హైమావతి తీసుకుంది.

సాయంత్రం యంత్రం గొట్టాన్ని నిజాయితీగా చదివింది. ఇరవై ఒకటి.

నూకరత్నం అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. గోడ మీది తెరలో అంకె కేసి చూసింది. "ఇక్కడే తీసినారు గదా, ఇంక తప్పుండదు. నానలాటిదాన్నే కాబోలు, నాకే తెల్దు," అంది. నిద్రపోతున్న పైడిని నర్సు చేతుల్లో పెట్టి, టోపీ సర్దింది. "సల్లగాలి తగిల్తే సెవిపోటొత్తాది. టోపీ తియ్యకండమ్మా." ఆ మాట చెప్పి రోవరెక్కింది.

"నాదే పొరపాటు సర్. రెండో ఋజువు నిలవలేదు," అని హైమావతి డైరెక్టర్‌కి చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు మైత్రి మునగాకు పొడితో అన్నం తిని, ఇంకో ముద్ద అడిగింది. హైమావతి ఏటా ఇవ్వాల్సిన శాంపిల్ గాలిగొట్టంలో నాలుగు నిమిషాల్లో ల్యాబు చేరింది. అంకె తెలిశాక మైత్రిని తీసుకుని ఇంట్లోంచి బయటికొస్తుంటే పక్కింటి వసుంధర పలకరించింది.

"ఎంతొచ్చింది?"

"తొంభై మూడు."

"పెరిగిందే. మీలాంటి తల్లి దొరకడం మైత్రి అదృష్టమండీ."

హైమావతి నవ్వి, పాప టోపీని చెవుల మీదికి లాగింది.