చిరుగుల చాప

"ఆ చాప విప్పెయ్ సేయినీ!" అన్నాను.

నానమ్మ శవం ఇంకా ఇంట్లోనే ఉంది. పొద్దుటినుంచీ వాన తుంపర. నల్లబట్టల మీద, చావింట సంతాపానికి కట్టే పెద్ద చిరుగుల చాప చంకల దాకా చుట్టుకుని, సేయిని పెరట్లో పొయ్యి ఊదుతోంది.

"విప్పను. నాకు మొగలి ఆకు చీల్చడం దగ్గర్నుంచి చాపల అల్లకం నేర్పిన మనిషి పోయింది. కట్టుకుంటాను."

"చిరుగుల చాప కట్టాల్సింది పిల్లలూ మనవలూ. చూసినవాళ్ళు నిన్ను నా చెల్లెలనుకుంటారు."

"అనుకోనీ. నీకేంటి టెన్షన్?" పొగకి కళ్ళు నులుముకుంటూనే నవ్వింది. "మూడేళ్ళుగా నా వెనకాల తిరుగుతున్నావు. మన పెళ్ళి గురించి మీ అత్తతో ఒక్క మాట చెప్పే ధైర్యం లేదు గానీ, నా చాప మీద పెత్తనమా?"

"చెప్తా. ఈ పది రోజులూ పోనీ."

"క్రిస్మస్‌కీ ఇదే మాట. మొన్న రేవులోనూ ఇదే మాట."

నేను నోరు తెరిచేలోగా మా మేనత్త ఫీఫీత బయటికొచ్చింది. ఆవిడ మాటకి మా నాన్న కూడా ఎదురు చెప్పడు. చేతుల్లో నానమ్మ ఏడాదిపాటు కూర్చుని అల్లిన సన్నచాప ఉంది.

సేయిని ఒంటి మీది చిరుగులు చూసి అత్త భోరుమంది.

"ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నావా తల్లీ? ఆఖరి నెలల్లో అమ్మకి చేమదుంప మెదిపి తినిపించింది నువ్వే. నాకు ఆడపిల్లలు లేరు. ఇవాళ్టినుంచి నువ్వే నా కూతురివి," అంటూ సన్నచాప ఆమె ఒళ్ళో పెట్టింది.

మా దీవిలో మేనత్త కూతురంటే తోడబుట్టిన చెల్లెలే. పెళ్ళి మాట అటుంచి, ఆమె ఉన్న గదిలో కూర్చోకూడదు, సరదాకైనా పరాచికమాడకూడదు.

సేయిని ఆ చాప ముట్టుకోలేదు. పదేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న పిల్ల, అయినా ముందు నావైపే చూసింది.

నేను ఒక్క మాట అంటే చాలు. అత్త ఏడుస్తోంది. ఆవిడ వెనకే పెరట్లోకి వచ్చిన చుట్టాలంతా చూస్తున్నారు. నేను వంగి పొయ్యిలో కట్టె ఎగదోశాను. ఛీ, నా అంత పిరికివాడు ఈ వవావు దీవి మొత్తంలో ఉండడు.

ఆమె చాపని గుండెకి హత్తుకుని అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

సాయంత్రం నానమ్మని పూడ్చి వచ్చి, టీ కోసం లోపలికెళ్ళాను. సేయిని ఒక్కతే ఉంది. నన్ను చూడగానే కప్పు వదిలేసి లేచింది. గుమ్మంలో ఎదురుపడ్డాం.

"కాస్త జరుగన్నయ్యా," అంది తల దించుకుని.

జరిగాను.