సీసం పెట్టెలో పన్నెండోది

మచిలీపట్నంలో హర్షిణి పరిశోధన చేసే కాలేజీ ల్యాబు వెనకగది మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. నాలుగేళ్ళుగా ఆమె అక్కడ సమారియం అనే లోహాన్ని పట్టుకుని వేలాడుతోంది. దాని పరమాణువులు ఎప్పుడో ఒకటి చొప్పున ఆల్ఫా కణాన్ని విసిరి తరిగిపోతుంటాయి. సగం తరగడానికే పదివేల కోట్ల ఏళ్ళకు పైన పడుతుంది. కణం తగిలినప్పుడల్లా లెక్కపెట్టే మిషను 'టక్' మంటుంది, ఆమె రాసుకుంటుంది. ఏ పరమాణువు ఎప్పుడు విసురుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

బయటి రేడియేషన్ సోకకుండా మిషను చుట్టూ సీసం పెట్టె కావాలి. కొత్త సీసంలోనే కాస్త రేడియేషన్ ఉంటుంది, పాతదైతే చల్లారి ఉంటుంది. అందుకని దివిసీమ వెళ్ళి, పోలయ్య అనే జాలరి అటక మీది పాత వలకున్న సీసం గుండ్లు కొనుక్కొచ్చింది.

"మా నాన్న వలమ్మా ఇది. ఉప్పెన తర్వాత ఎవరూ నీళ్ళలో వెయ్యలేదు," అన్నాడతను.

ఆమె ఆ మాట చెవిన పెట్టలేదు. గుండ్లు కరిగించి పెట్టె పోయించింది.

సమారియం పెట్టేముందు వారం పాటు ఖాళీ పెట్టెను లెక్కబెట్టాలి. ఖాళీ పెట్టె దాదాపు మూగగా ఉండాలి. మొదటిరోజు సాయంత్రం నాలుగూ నలభైకి వరసగా పదకొండు టక్‌లు వచ్చాయి. రెండోరోజు అదే టైముకు మళ్ళీ పదకొండు. మూడోరోజు కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడిపింది. పదకొండే! పరమాణువులకు గడియారం ఎక్కడిది?

గైడ్ శశిధర్ గారు ఫోన్లో విసుక్కున్నారు. "ఏదో మిషను గోల అయ్యుంటుందమ్మా, చెరిపెయ్. నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నీ సీటు పోతుంది."

"పోతే పోనివ్వండి సర్. వచ్చింది వచ్చినట్టే రాస్తాను."

మొండిఘటం. పోలయ్య అన్న ఉప్పెన మాట అప్పుడు గుర్తొచ్చి, నాలుగోరోజు అతన్ని పిలిపించి పెట్టె ముందు కూర్చోబెట్టింది.

నాలుగూ నలభై. గదిలో బురద వాసన... టక్.

"నాన్న..." పోలయ్య గొణిగాడు.

టక్. "అమ్మ..." టక్. "పెద్దక్క..."

పదకొండు పేర్లయ్యాయి. అతను పెట్టెకేసి వేలు చూపించాడు. "డెబ్బై ఏడులో మా ఇంటి మీదకి నీళ్ళొచ్చిన టైమిదే. పన్నెండుమందిమి ఉన్నామమ్మా. నేనొక్కణ్ణే తాడిచెట్టు పట్టుకుని బతికాను. ఎనిమిదేళ్ళోణ్ణి."

ఉన్నట్టుండి లేచి పెట్టె మీద అరచేత్తో చరిచాడు. "పిలవకండి! అప్పుడే రాలేదు, ఇప్పుడొస్తానా? నేను రాను!"

హర్షిణికి ఏడుపొచ్చింది. "ఇది నీకు తిరిగిచ్చేస్తాను బాబాయ్."

"వద్దమ్మా. ఆ రోజు పోయినోళ్ళని సరిగ్గా లెక్కబెట్టిన నాథుడే లేడు. ఇన్నేళ్ళకి నువ్వు లెక్కేస్తున్నావు. ఉండనీ."

ఆమె లాగ్‌బుక్కులో పదకొండు పేర్లూ రాసింది. ఆపైన రోజూ పదకొండోది మోగాక, పన్నెండోది పోలయ్యకు పిలుపవుతుందేమోనని ఆగి వినేది. పన్నెండోది రాకపోయినా పోలయ్యకు ఫోన్ చేసేది. "ఉన్నానమ్మా," అనేవాడు.

ఏడోరోజు. ఖాళీ పెట్టెకు ఆఖరి రోజు. పదకొండు మోగాయి. హమ్మయ్య అనుకుంటూ ఫోన్ అందుకుంది.

టక్.

నంబరు నొక్కింది. మోగుతోంది... మోగుతోంది... ఎత్తడేం?

"ఉన్నానమ్మా," అన్నాడు పోలయ్య. "వల బాగుచేసుకుంటున్నా. ఏమైంది?"

అతనున్నాడు. మరి పన్నెండోది ఎవరికి? గదిలో ఉన్నది తనొక్కతే.

చెరిపెయ్యమన్న గైడ్ గుర్తొచ్చారు. పెన్ను తీసి, ఒత్తి ఒత్తి 'పన్నెండు' అని రాసింది. పక్కన పేరు రాయలేదు.

"నేనూ రాను!" అని పెట్టె వంక చూసి గట్టిగా అరిచింది.

ఫోన్లో పోలయ్య గొంతు బాగా తగ్గిపోయింది.

"అమ్మా... మీ గదిలో ఆ నీళ్ళ హోరేంటి?"

హర్షిణి చుట్టూ చూసింది. గది పొడిగా, నిశ్శబ్దంగా ఉంది.