ముందు వరసలో ఇంకో కుర్చీ

పొద్దున్నే జిగురన్నం ఆవిరి వంటింటి నిండా కమ్ముకుంది. బువలై బుట్టలో అన్నం సర్దుతూ కూతురికి చెప్పేసింది.

"సాయంత్రం పూతా గుడి దగ్గర సినిమా వేయిస్తున్నా. మొక్కు."

సుమాలికి ఒళ్లు మండింది. నాన్న ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికొస్తే ఊరి దేవుడు పూతాకి సినిమా చూపిస్తానని అమ్మ మొక్కుకుంది. నాన్న వచ్చాడు. వారం తిరక్కుండానే పోయాడు.

"ఇంకెక్కడి మొక్కమ్మా? నాన్నే లేడుగా!"

"ఇంటికి తెమ్మన్నా, తెచ్చాడు. ఆ తర్వాత కూడా ఉంచమని అడగాలని తోచలేదే నాకు. నా బుద్ధి గడ్డి తింది," అంటూ బువలై కళ్లు ఒత్తుకుంది.

"ఏం సినిమా?"

"మీ నాన్నకి నచ్చింది. కెంపుల కోసం అడవికి పోతారు చూడు, అది."

బ్యాంకాక్ పత్రికలో ఆ సినిమాని చీల్చి చెండాడింది సుమాలే. తాళ్లు పట్టుకుని ఊగే హీరో, మొసళ్లు, కూలే వంతెన, అంతా తాతల కాలం సరుకంటూ విమర్శకులందరూ ఉతికి ఆరేశారు. ఆమె ఇంకాస్త గట్టిగా ఉతికింది.

"ఊరంతా నవ్వుతారమ్మా. మంచిదేదన్నా వేయించు."

"నవ్వనీ! నువ్వు రాసింది ఆయన చదివాడే. 'అమ్మాయి బాగా రాసింది, కానీ సినిమా కూడా బాగుంది' అన్నాడు. నీ పక్కన కూర్చుని ఒక్కసారి చూడాలని ఎంత అడిగాడు! వచ్చేవారం, వచ్చేవారం అన్నావు. ఏదీ నీ వచ్చేవారం?"



పొద్దు వాలాక గుడి ముందు తెర కట్టారు. ముందు వరస కుర్చీలు ఎప్పటిలాగే ఖాళీగా ఉన్నాయి. అవి పూతాకీ, ఆయన వెంట వచ్చే పెద్దల ఆత్మలకీ. మనుషులెవరూ కూర్చోరు. ఊళ్లోవాళ్లు వెనక చాపలు పరుచుకున్నారు. బువలై ఇంకో కుర్చీ మోసుకొచ్చి ఆ వరస చివర వేసి, దాని మీద మొగుడి గళ్ల తువ్వాలు పరిచింది. సుమాలి అది చూసింది. నాన్న ఇక ఆ వరసలోవాడు.

తెర మీద వంతెన తాళ్లు తెగుతున్నాయి. హీరో ఇంకా మధ్యలోనే ఉన్నాడు. అప్పుడు థియేటర్లోనూ సరిగ్గా ఇక్కడే సుమాలి ఊపిరి బిగబట్టింది. ఆ సంగతి పత్రికలో రాయడానికే సిగ్గుపడింది.

"దూకు! దూకరా నాయనా!"

చాపల మీద వాళ్లంతా గొల్లున నవ్వారు. అరిచింది తనేనని అప్పుడు తెలిసింది సుమాలికి. తువ్వాలున్న కుర్చీ వంక చూసింది.

"బాగుంది నాన్నా... చాలా బాగుంది," అంటూ భోరుమంది.

బువలై కూతురి తల ఒళ్లోకి లాక్కుంది.

"ఏడుద్దువుగానిలేవే, తర్వాత. ఇప్పుడు మొసలి వస్తుంది. లేచి చూడు తల్లీ, ఆయన ఒక్కడే చూస్తున్నాడు."