బస్తా వెనక చేతులు

ఆ జిమ్ములో ఒక కట్టుబాటు ఉంది. పట్టుకునే మనిషి లేకుండా బస్తాని కొట్టకూడదు. గొలుసుకు వేలాడే పంచింగ్ బ్యాగుని అక్కడందరూ బస్తా అనే అంటారు. ఎవరో ఒకరు దాని వెనక నిలబడి, రెండు చేతులతో వాటేసుకుని, భుజం ఆనించి పట్టాలి. లేకపోతే ఊగొచ్చి మణికట్టు విరగ్గొడుతుందని కుర్రాళ్లు చెప్పుకునేవారు. మాస్టారు మాత్రం కారణం చెప్పేవారు కాదు. చెప్పింది చెయ్యమనేవారు, అంతే.

దూదికి బస్తా పట్టేది వాళ్ల బావ. దూది అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, జిమ్ములో పడ్డ పేరు. ఆరడుగుల మనిషి, కాళ్లలో పాదరసం, కానీ అతని గుద్దు తగిలినవాడు ముక్కు గోక్కుని మళ్లీ మీదకొచ్చేవాడు. ఆదివారం జట్టు ఎంపిక. ఈసారీ ఎదుటివాణ్ణి పడగొట్టలేకపోతే సామాను సర్దుకొమ్మని మాస్టారు తేల్చేశారు. చదువు మానేసి, అక్కాబావల ఇంట్లో తిని, ఈ ఒక్కదాన్నే నమ్ముకున్నవాడికి ఇంకో దారి లేదు.

బావ లారీలకు టైర్లు మార్చే పని చేసేవాడు. ఆ నల్లటి చేతులతోనే వచ్చి బస్తా వెనక నిలబడేవాడు. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. "ఏరా బామ్మర్దీ, కొట్టేశావా, ఇంకా కొట్టాలా? మీ అక్క చూపు ఇంతకంటే గట్టిగా తగులుతుందిరా" అనేవాడు అందరి ముందూ. జిమ్మంతా నవ్వేది. దూదీ నవ్వేవాడు. లోపల మాత్రం పుండు మీద కారం చల్లినట్టుండేది.

గురువారం సాయంత్రం వాన పట్టుకుంది. బావ ఒంట్లో నలతగా ఉందని రాలేనన్నాడు. మిగతావాళ్లు తొందరగా వెళ్లిపోయారు. ఆ జిమ్ము ఒక పాత భవనం కింద నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. చెమట, పాత తోలు, తడిసిన సిమెంటు కలిసిన వాసన. దూది కాసేపు అద్దం ముందు గాలిలోకి గుద్దులు విసిరాడు. ఆదివారం గుర్తొచ్చింది. కట్టుబాటుని గట్టున పెట్టి బస్తా ముందుకొచ్చాడు.

కొట్టాడు. బస్తా ఊగింది, గొలుసు కిర్రుమంది. మళ్లీ కొట్టాడు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో బస్తా వచ్చి తగులుతుందని మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

తగల్లేదు. గొలుసు చప్పుడు ఆగిపోయింది... ఊగే బస్తా అంత ఠక్కున ఎలా ఆగుతుంది?

"బావా?"

బస్తా అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు. రబ్బరు వాసన వచ్చింది. బావే. ఒంట్లో బాగోకపోయినా వచ్చాడు పాపం అనుకుని దూది మళ్లీ కొట్టాడు.

"మడమ తిప్పు..."

గుసగుస బొంగురుగా ఉంది. జలుబేమో అనుకున్నాడు. మడమ తిప్పాడు. బలం నేలలోంచి పిక్కల్లోకి, నడుములోకి ఎక్కింది. పిడికిలి ముందే బిగించొద్దని, తగిలే క్షణానే బిగించమని ఆ గొంతు చెప్పింది. అలాగే చేశాడు. "బస్తా దగ్గర ఆగకు... వెనకదాకా పో." పోయాడు. తన చేతి నుంచి అంత చప్పుడు పుట్టడం అతనెప్పుడూ వినలేదు. అవతల ఎవరో హుమ్మని మూలిగారు.

దాచడమెందుకు, ఆ మూలుగు అతనికి నచ్చింది. ఇన్నాళ్ల నవ్వులూ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. అక్క చూపు గట్టిగా తగులుతుందా? ఇదిగో. ఇదిగో. ఇదిగో.

బెంచీ మీద ఫోను మోగింది. గ్లవ్సు విప్పకుండానే వంగి, ముక్కుతో నొక్కి స్పీకర్లో పెట్టాడు. అక్క. వెక్కిళ్ల మధ్య చెబుతోంది. బావ పొద్దున్నించీ మంచం దిగలేదట. ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కింద పడ్డాడట. ఎవరో గుద్దుతున్నట్టు ఒళ్లు అదిరిపడిందట.

"గదిలో ఎవరూ లేర్రా... డొక్కలన్నీ కమిలిపోయాయి... ఇప్పుడే ఆగింది. నువ్వు రారా తమ్ముడూ."

ఫోను వెలుగు బస్తా దాకా పాకింది. దాన్ని వాటేసుకుని రెండు చేతులున్నాయి. నల్లటి గోళ్లు. కింద, కాళ్లు ఉండాల్సిన చోట ఉత్త నేల.

"ఇంకొక్కటి" అంది గుసగుస. "అదొక్కటి కుదిరితే... ఆదివారం నీదే."

ఎవరైనా పరుగెడతారు. అతని కాళ్లూ మెట్లవైపే తిరిగాయి. కానీ నిజమో కాదో తేల్చుకోవాలి కదా అని మనసు ఒక సాకు అందించింది. అది సాకేనని అతనికి తెలుసు. వెనక్కి తిరిగాడు. మడమ... నడుము... భుజం. వెనకదాకా పోయాడు.

ఫోనులో అక్క పెట్టిన కేక ఆ నేలమాళిగంతా తిరిగింది.

ఆదివారం, బావని సాగనంపిన మర్నాడు, ఎదుటివాణ్ణి మొదటి రౌండులోనే పడుకోబెట్టాడు. పడినవాణ్ణి మోసుకుపోవాల్సి వచ్చింది. బావ పైనుంచి చూసి సంతోషిస్తాడని అందరూ అన్నారు. అక్క కూడా అదే మాటంది, తమ్ముడి చెయ్యి నిమిరి, ఆ చేతికే ముద్దు పెట్టింది.

ఇప్పుడతన్ని ఎవరూ దూది అనరు. ఈ శనివారం ఫైనల్సు. కానీ వారంగా గుద్దులో పస తగ్గుతోంది. నలుగురు పట్టుకున్నా, ఎంత కొట్టినా, బస్తా మళ్లీ ఉత్త బస్తాలాగే ఉంది. నిన్న సాయంత్రం అందర్నీ పంపేసి ఒక్కడే ఉండిపోయాడు. మాస్టారు మెట్లెక్కబోతూ ఆగారు.

"నీకు బస్తా ఎవరు పడుతున్నార్రా?"

"ఇంట్లోవాళ్లే" అన్నాడు.

మాస్టారు అతన్ని కాసేపు చూశారు. మెట్లెక్కి, దీపం ఆర్పేసి, తలుపుకి బయటనుంచి గడియ పెట్టారు.

అతను కొట్టాడు. బస్తా ఊగింది... ఆగింది. ఈసారి రబ్బరు వాసన రాలేదు. అక్క తలకి రాసుకునే నూనె వాసన వచ్చింది.

అతను పిడికిలి వదులు చేసుకుని, మడమ తిప్పాడు.