మర్యాదగా చెబుతున్నా

టేపు ఆగింది. సిగరెట్లు మానేసినా పెద్దాయన వేళ్ళ మధ్య అగ్గిపెట్టె తిరుగుతూనే ఉంది.

"విన్నావుగా. దొర ఏమంటున్నాడు?"

"చంపుతానంటున్నాడు సార్."

మౌని కాలు ముందుకు చాపుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరూ వాడరు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఫీల్డ్ ఏజెంట్‌గా చేరాడు. ఇప్పుడు మెట్లు కనిపిస్తే ముందు లెక్కపెట్టుకుంటాడు.

"ఫైల్లో మాత్రం దీన్ని సలహా అని రాశారు" అన్నాడు పెద్దాయన. "'ఆ మెట్లు కాస్త జారుతుంటాయి, నేను మీరైతే చూసుకుని దిగుతాను' అన్నాడు అంతే. ఆ సాయంత్రమే ఆ మనిషి మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. అంతకుముందు ఇంకొకాయనతో, 'కారు పాతదైంది, దూరాలు వెళ్ళకపోతే మంచిదేమో' అన్నాడు. బ్రేకులు పట్టలేదు."

"ఆ దొరల ఇంగ్లిష్ తీరే అది సార్. 'నీ అంతు చూస్తా' అని అరిచాడంటే ఇంకా కోపంలో ఉన్నట్టు. మనకు టైముంది. 'చేయకపోతే మంచిదేమో' అన్నాడంటే గడువు పెట్టాడు. ఇక 'అలా జరిగితే అయ్యో పాపం' అన్నాడా, పని సగం అయిపోయినట్టే. వాళ్ళు మెత్తబడే కొద్దీ మనం పరిగెత్తాలి."

"అయితే పరిగెత్తు. ఇది నిన్నటిది."

రెండో టేపు తిరిగింది. అదే తీరిక గొంతు, ఇంగ్లిష్‌లో. 'ప్రోగ్రామ్ మాకు అమ్మకపోవడం మీ ఇష్టం. రేపు ఆఫీసుకు సెలవు పెట్టే ఆలోచన ఉందా? లేదా? అయ్యో పాపం. ఇట్ వుడ్ బీ ఎ పిటీ.' దానికి జవాబుగా ఒక కుర్ర గొంతు గలగలా నవ్వింది. 'నో నో సార్! ఐయామ్ వెరీ పంక్చువల్!'

మౌని చాపిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ నవ్వు అతనికి తెలుసు. భార్య తమ్ముడు.

"రైళ్ళ సిగ్నళ్ళు నడిపే ప్రోగ్రామ్ మీ బావమరిది రాసిందే" అన్నాడు పెద్దాయన. "దొర ముఠా కొనబోతే ఇవ్వనన్నాడు. అతను పోతే ఆ సీట్లోకి వచ్చేది వాళ్ళ మనిషి."

"వాణ్ణి ఇప్పుడే ఇంటికి పంపేద్దాం సార్."

"పంపితే దొర ఎగిరిపోతాడు. రేపు ఇంకెవరికి సలహా ఇస్తాడో. పని పూర్తయ్యేదాకా ఆ భవనం కిందే కూర్చుని కాఫీ తాగడం వాడి అలవాటట. పావురం కబురు పంపింది. వాడి మొహం మనకు తెలీదు. 'ఏసీ తగ్గించు' అని ఆవిడ ఎవరి పక్కన కూర్చుని అంటే వాడే దొర. దొర దొరకాలి, మీవాడు బతకాలి. రెండూ ఈ పొద్దుటే."

పావురం అంటే దొర సెక్రటరీ. రెండు గూళ్ళలోనూ గింజలు తినే డబుల్ ఏజెంట్. ఏ గూటికి నమ్మకమైన మనిషో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

"ఇంకెవరినైనా పంపండి సార్. నా మోకాళ్ళు..."

"ఇంకెవరైనా చెబితే అతను వింటాడా?"

"నేను చెప్పినా వినడు సార్. ఇంట్లోవాళ్ళకు నేను కుట్టుమిషన్లు అమ్ముకునేవాణ్ణి. పైగా బావమరిది."

పెద్దాయన వినికిడి యంత్రంలా కనిపించే రేడియో ఒకటి బల్ల మీదుగా తోశాడు. "చెవిలో పెట్టుకో. బ్యాటరీ సంగతి అడగకు."

*

ఆఫీసు కింద కాఫీ హాల్లో ఏసీ మెకానిక్ వేషంలో మౌని నిచ్చెనెక్కాడు. స్క్రూలు విప్పుతూ, విప్పినవే బిగిస్తూ బల్లలన్నీ చూశాడు. మూలన బూడిద రంగు సూటులో ఒకాయన బిస్కట్ రెండు ముక్కలు చేసి తినకుండా వదిలేశాడు. పక్కన ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు. బల్ల కింద ఆవిడ హైహీల్స్ విప్పేసి ఉన్నాయి. మడమకు ప్లాస్టర్ వేసుకుంది. ఎవరి ఉద్యోగం బాధ వాళ్ళది.

ఆవిడ తలెత్తి ఇంగ్లిష్‌లో పిలిచింది.

"హలో! ఏసీ కాస్త తగ్గించు. ఈయనకు జలుబు."

దొర దొరికాడు. మౌని తలూపాడు. ఆవిడ ఆగలేదు.

"నాలుగో అంతస్తులో సర్వర్ రూమ్‌కు కూడా వెళ్తున్నావా? నేను నువ్వైతే ఇవాళ ఆ తలుపు జోలికి పోను. ఎవరికైనా ఏదైనా అయితే అయ్యో పాపం."

మౌని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. ఇది దొర పలికించిన బెదిరింపా, ఆవిడ అందిస్తున్న సాయమా? దొర చిరునవ్వుతో ఆవిడ మణికట్టు మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఈ మధ్య ఎక్కువ మాట్లాడుతున్నావు డియర్. నీ గురించి నాకు బెంగగా ఉంటోంది."

మౌనికి ఇక అనుమానం లేదు. పావురం ఇవాళ మన గూటిదే. అందుకే దానికి కూడా ఎక్కువ టైము లేదు. నిచ్చెన దిగుతూ చెవిలోని రేడియోకు గొణిగాడు.

"మూల బల్ల. బూడిద సూటు. ముందు పావురాన్ని పక్కకు లాగండి. సర్వర్ రూమ్ తలుపుకు బాంబు, మనుషుల్ని పంపండి."

లిఫ్టు దగ్గర 'రిపేరులో ఉంది' అన్న బోర్డు. దాన్ని మనసులోనే నాలుగు తిట్టి మెట్లెక్కాడు. సగం దూరంలో రేడియో గురక పెట్టి చచ్చిపోయింది.

నాలుగో అంతస్తులో వరండాకు అడ్డంగా గాజు తలుపు. దానికి తాళం. దానికవతల బావమరిది, ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో యాక్సెస్ కార్డు, ఈల వేస్తూ సర్వర్ రూమ్ వైపు నడుస్తున్నాడు. మౌని స్పానర్‌తో గాజు మీద బాదాడు. గీత కూడా పడలేదు.

"ఒరే! ఆగు!"

బావమరిది తిరిగి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"బావా! ఇదేం వేషం? కుట్టుమిషన్ల వ్యాపారం మునిగిందా?"

"ఆ తలుపు తీశావంటే చస్తావురా!"

"నిన్న అక్క కూడా అంతే అంది. పెళ్ళిచూపులకు రాకపోతే పీక పిసుకుతుందట. మీ ఇద్దరూ మాట్లాడుకుని ఎవరు చంపుతారో తేల్చుకోండి."

"జోకు కాదురా వెధవా! అందులో బాంబుంది!"

"ఆహా. పోయినసారి నన్ను ఊరి నుంచి రప్పించడానికి నీకు గుండెపోటన్నారు. వస్తే కేరమ్స్ ఆడుతున్నావు. ఆగు బావా, ఒక్క నిమిషం, కంప్యూటర్ ఆన్ చేసొస్తా."

కార్డు పైకి లేచింది. గోడకున్న చిన్న ఎర్ర లైటు దానికోసం చూస్తోంది.

మౌనికి ఊపిరి అందడం లేదు. వాళ్ళింట్లో చంపుతాననడమంటే మంచినీళ్ళు తాగుతావా అన్నంత మాట. ఇంకెంత గట్టిగా అరిచినా లాభం లేదు. అతను స్పానర్ కింద పెట్టాడు. టోపీ తీశాడు. గాజుకు దగ్గరగా వచ్చి, నెమ్మదిగా, కొత్త మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"చూడండి. మీరు ఆ కార్డు జేబులో పెట్టుకుంటే బాగుంటుందేమో. తొందరేం లేదు. మీకేమన్నా అయితే మీ అక్కగారికి ఏం చెప్పుకోవాలో నాకు తెలియడం లేదండీ."

ఎర్ర లైటుకు గోరంత దూరంలో కార్డు ఆగింది.

పెళ్ళినాటి నుంచి బావ నోట వాడు 'ఒరే' తప్ప వినలేదు. వాడి మొహంలో నవ్వు కాస్త కాస్తగా ఆరిపోయింది. టీ కప్పు చేతిలోంచి జారి పగిలింది. కార్డును రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు.

*

తలుపు తాళం వెనక అతికించిన పొట్లాన్ని బాంబు స్క్వాడ్ ఇసుక పెట్టెలో పెట్టుకుని వెళ్ళింది. కార్డు తాకితే చాలు, పేలేదట. కింద పావురం చెప్పుల్లేకుండా మన జీపెక్కి కూర్చుంది. దొరకు బేడీలు వేసి తీసుకెళ్తుంటే వాడు వెనక్కి తిరిగి మొహం ఎర్రగా చేసుకుని అరిచాడు.

"నిన్ను వదలను! నీ అంతు చూస్తా!"

"అరుస్తున్నాడు. ఇక వాడి పని అయిపోయింది" అన్నాడు మౌని.

బావమరిది మెట్ల మీద కూలబడి ఉన్నాడు. మౌని మోకాళ్ళు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కుర్రాడు అతని వైపు తిరిగాడు.

"బావా, ఇంకెప్పుడూ నన్ను 'మీరు' అనకు."

"నోర్మూసుకుని ఇంటికి నడువు. ఇంకో మాట మాట్లాడావంటే కాళ్ళు విరగ్గొడతా."

కుర్రాడి మొహంలోకి మళ్ళీ నెత్తురు వచ్చింది. లేచి, బావను లేపడానికి చెయ్యి అందించాడు.